ఇటుకపొడి మీద ఒకడు, సిమెంటు మీద ఇంకొకడు

తమ్ముడి సాక్సులు ఉతికీ ఉతికీ గ్రిసెల్డాకి ఎర్రరంగు చూస్తేనే వెగటు పుట్టేది. ఎంత సబ్బు అరగదీసినా బకెట్లో నీళ్ళు ఇటుకరంగు వదిలేవి కావు. పక్క దుప్పట్లలో ఎరుపు, స్నానాలగది మూలల్లో ఎరుపు, ముక్కు చీదితే రుమాలు నిండా ఎరుపు. వాళ్ళ ఊరు సాన్ ఎలియాస్ క్లబ్బులో టెన్నిస్ కోర్టంటే దంచిన ఇటుకపొడి పరిచి, తడిపి, రోలరుతో అణిచిందే. టెన్నిస్ ఇంకో నేల మీద కూడా ఆడతారని ఆ ఊళ్ళో సగం మందికి తెలియదు. తెలిసిన సగం మందీ దాన్ని టెన్నిస్ అనరు.

ఆ పొడి మీద ఆమె తమ్ముడు దార్దో గ్రిబౌదోని ఓడించడం గగనం. గీతకి బాగా వెనక నిలబడి, బంతిని కింది నుంచి పైకి తిప్పి కొడితే అది వల మీద ఎత్తుగా వెళ్ళి, నేలని తాకి, అవతలివాడి చెవి దాకా లేచేది. వాడు దాన్ని ఎలాగోలా దించుకునేలోపు దార్దో పొడి మీద జర్రున జారుకుంటూ వెళ్ళి, బంతి రాబోయే మూలలో ముందే నిలబడి ఉండేవాడు. తొందరన్నది లేదు. ఒక్క పాయింటు కోసం అటూ ఇటూ ఎంతసేపు కొట్టుకున్నా వాడికి చెమట పట్టేదే కానీ విసుగు పుట్టేది కాదు. ఎదుటివాడికే ఒళ్ళు మండి బంతిని కంచెకేసి బాదేవాడు. శాంటా ఫే నుంచి అసున్సియోన్ దాకా, వేసవిలో ఇటలీ చిన్న ఊళ్ళ దాకా, ఎక్కడ ఎర్రనేల ఉంటే అక్కడ దార్దో పేరు చెబితే ఆటగాళ్ళు మొహం చిట్లించేవారు. వాడితో ఆడటమంటే మధ్యాహ్నమంతా పోయినట్టే.

అదే మనిషిని సిమెంటు మీద నిలబెడితే చూడలేం. అక్కడ బంతి లేవదు, నేలబారుగా దూసుకొస్తుంది. కాలు జారదు, వేసిన చోటే అతుక్కుపోతుంది. వెనక నిలబడితే బంతి అందదు, ముందుకొస్తే చెయ్యి తిప్పడానికి వ్యవధి చాలదు. పొడి మీద ఎదుటివాడి చెవి దాకా ఎగిరే వాడి సర్వీసు, సిమెంటు మీద సరిగ్గా నడుము ఎత్తున, కొట్టుకోమని పళ్ళెంలో పెట్టి ఇచ్చినట్టు వెళుతుంది. పచ్చిక మీద ఒకే ఒక్కసారి ఆడాడు, ఇంగ్లండులో. అక్కడ బంతి మోకాలి దాకా కూడా రాక, వంగి వంగి నడుము పట్టేసి, వానజల్లుకి ఆట ఆగేలోపే ఓడి బయటికొచ్చాడు. ఇంట్లో ఆ ఇంగ్లండు ఊసు ఎవరూ ఎత్తరు.

గ్రిసెల్డాకి అసహ్యం వాడు ఓడినందుకు కాదు. ఓడేటప్పటి ఆ మొహం చూసి. తప్పు ఇంటి తలుపు తట్టినవాడు నొచ్చుకుంటూ నవ్వుతాడే, అలాంటి నవ్వొకటి పెట్టుకుని సిమెంటు కోర్టంతా తిరిగేవాడు. కోపం రాదు, రాకెట్టు విసరడు, తిట్టడు. ఆట ముగిశాక ఎదుటివాడి భుజం తట్టి, బాగా ఆడావని మెచ్చుకుని మరీ వచ్చేవాడు. అది చూస్తే గ్రిసెల్డాకి వాడి చేతిలో రాకెట్టు లాక్కోవాలనిపించేది.

ఎందుకంటే ఆమెకి సిమెంటు కష్టమనిపించలేదు. పద్నాలుగేళ్ళప్పుడు రోసారియోలో ఒక బడి ఆవరణలో మొదటిసారి గచ్చు మీద ఆడింది. బంతి ఎక్కడికి వస్తుందనుకుంటే అక్కడికే వచ్చింది. ఎంత గట్టిగా కొడితే అంత గట్టిగానూ వెళ్ళింది. నేల మధ్యలో దూరి పెత్తనం చెయ్యలేదు. ఆ రోజు ఆమె ఆడిన ఆట చూసి రోసారియో ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. తర్వాత క్లబ్బు క్యాంటీను నడిపే తండ్రి జబ్బుపడటం, ఆమె క్యాంటీనులో కూర్చోవడం, తమ్ముడు ఒక్కో కప్పూ ఇంటికి మోసుకురావడం మొదలయ్యాయి. తండ్రి పోయాక క్యాంటీను ఎవరికో అప్పగించి, తమ్ముడి రాకెట్ల సంచి భుజాన వేసుకుని ఊళ్ళు పట్టుకు తిరగసాగింది. కోచ్ ఆమే, వంటమనిషి ఆమే, కాళ్ళకి పట్టీలు చుట్టేదీ ఆమే. పట్టీ ఊడదీస్తే పగిలిన బొబ్బల కంపు గదంతా కమ్మేది. ముక్కు మూసుకుని, తమ్ముణ్ణి తిట్టుకుంటూ మందు రాసేది.

దీనికంతటికీ ఆమె ఒక హద్దు పెట్టుకుంది. ప్రపంచ ర్యాంకుల్లో దార్దో మొదటి వందమందిలోకి చేరితే చాలు. అప్పుడు పెద్ద టోర్నమెంట్లు వాణ్ణి నేరుగా పిలుస్తాయి, బురద ఊళ్ళ వెంట తిరిగే పని తప్పుతుంది, పేరున్న కోచ్‌లు వాణ్ణి చేర్చుకుంటారు. బ్యూనస్ ఎయిరెస్‌లో ఒకాయన మొహం మీదే చెప్పాడు, వందలో ఉంటే తీసుకురా, వంద బయట ఉంటే వాడికి అక్క చాలు అని. ఆ వంద రాగానే సంచి కింద పెట్టి, ఊరికొచ్చి, బేకరీ రెమోని పెళ్ళి చేసుకోవాలి. ఇదీ లెక్క. రెమో పన్నెండేళ్ళ నుంచీ ఆ వంద కోసమే ఆగి ఉన్నాడు.

ఆ ఏడాది వసంతంలో దార్దో శాంటా ఫేలో ఇటుకపొడి మీద ఆడే మట్టి టోర్నమెంటు గెలిచాడు. ఆదివారం క్లబ్బులో గొడ్డుమాంసపు పక్కటెముకలు కాల్చి పండగ చేశారు. క్లబ్బు ప్రెసిడెంటు ఎత్తోరే పొగ మధ్యలో నిలబడి, ఫోర్కుకి గుచ్చిన మాంసం ముక్క పైకెత్తాడు.

"ఇదిగో దార్దో, ఒరేయ్, ఇది నీకే. మట్టి మీద గెలిచినవాడికి మా క్లబ్బులో పక్కటెముకలు పెడతాం. సిమెంటు మీద గెలిచినవాడికి..." ఆయన ఆగి అందరి వంకా చూశాడు. "వాడికేం పెట్టాలో ఎవరికీ తెలీదు. ఇంతవరకూ ఆ అవసరం రాలేదు!"

అందరూ పడీపడీ నవ్వారు. అందరికంటే గట్టిగా దార్దో నవ్వాడు.

"నువ్వెందుకురా నవ్వుతావ్? నిన్నేరా ఆయన అంటోంది," అంది గ్రిసెల్డా పళ్ళు కొరుకుతూ.

"నన్నే కదా గ్రిస్. అందుకే బావుంది."

"సిగ్గులేదు నీకు."

"ఉంది. కానీ ఆకలెక్కువుంది," అంటూ వాడు ముక్క అందుకున్నాడు.

రెమో బుట్టనిండా తియ్యరొట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. మోచేతుల దాకా పిండి. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. గ్రిసెల్డా పక్కన కూర్చుని, ఆమె అందించిన మాతే ఆకు కషాయం గిన్నెలోంచి గొట్టంతో ఓ గుటక పీల్చి, ఎప్పుడూ అడిగేదే అడిగాడు.

"ఎంతవరకొచ్చింది వంద?"

"ఇంకొక్క టోర్నమెంటు."

"పోయినేడూ ఒక్కటే అన్నావ్."

"పోయినేడు వాడి మడమ బెణికింది."

"అంతకు ముందేడు?"

"నీకు తెలీదా? ఆ దిక్కుమాలిన ఇంగ్లండు."

రెమో మాతే గిన్నె తిరిగిచ్చాడు. "నా పిండిని ఇన్నాళ్ళు పొంగబెడితే పులిసి గబ్బు కొడుతుంది గ్రిసెల్డా. నేనింకా గబ్బు కొట్టట్లేదంటే ఆశ్చర్యమే."

"ఈసారి అయిపోతుంది రెమో. ఒట్టు."

"దేని మీద ఆడాలి?"

గ్రిసెల్డా మాతే గిన్నెలో వేణ్ణీళ్ళు పోసింది. "సిమెంటు," అంది చివరికి.

రెమో బుట్టలోకి చెయ్యి పెట్టాడు. ఒక రొట్టె తీసుకుని తినడం మొదలుపెట్టాడు. అతను తన రొట్టె తాను తినడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

మట్టి టోర్నమెంట్లు ఆ ఏటికి అయిపోయాయి. మిగిలింది దక్షిణాన, సముద్రం ఒడ్డున, పెట్రోలు తోడే నూనెబావుల ఊళ్ళో ఒక్కటే. అక్కడ రేయింబవళ్ళు వీచే గాలికి ఇటుకపొడి నిలవదు, పరిచిన వారానికే సముద్రం పాలవుతుంది. అందుకని నూనె కంపెనీవాళ్ళు సిమెంటు పోసి, ఆకుపచ్చ రంగు కొట్టించారు. ఆ గాలిలో, ఆ రంగుసిమెంటు మీద, దార్దో ఫైనల్ దాకా వెళితే చాలు, వందలో పడతాడు.

గ్రిసెల్డా ఊళ్ళో గచ్చు కోసం వెతికింది. దొరికింది ఒక్కటే, రైతు సహకార సంఘం వాళ్ళు గోధుమలు ఆరబోసే కళ్ళం. గింజలెత్తేశాక ఖాళీగా ఉన్న ఆ గచ్చు మీద సుద్దతో గీతలు గీసి, రెండు ట్రాక్టర్ల మధ్య వల కట్టింది. నేలనిండా పావురాల రెట్ట. చీపురుతో ఊడిస్తే పొడిగా లేచి నోట్లో పడేది. అరికాళ్ళ కింద గింజలు దొర్లేవి. ముక్కిపోయిన గోధుమల వాసనకి ఆమెకే డోకు వచ్చేది.

"జారకు! జారకురా! అక్కడ జారితే ఇరుగుతుంది కాలు!"

దార్దో జారాడు. బూటు కీచుమంది, అరికాలు అక్కడే ఉండిపోయింది, మనిషి ముందుకొచ్చి మోకాళ్ళ మీద పడ్డాడు. రెట్టలో చేతులు పెట్టి లేచి, చేతుల వంక చూసుకున్నాడు.

"చిన్న చిన్న అడుగులు వెయ్యమని ఎన్నిసార్లు చెప్పాను? కోడిపెట్టలా, టకటకటక! గీత దగ్గర నిలబడు. చెయ్యి అంత వెనక్కి తీసుకెళ్ళకు, ఊళ్ళో బస్సు ఆపుతున్నట్టు! పొట్టిగా కొట్టు!"

"పొట్టిగా కొడితే బంతి ఎక్కడికెళ్తుందో నాకు తెలీట్లేదు గ్రిస్."

"నాకు తెలుసు. ముందుకెళ్తుంది. బంతి చేసే పని అదే."

"ఇక్కడ నేల కంపు కొడుతోంది."

"నేల కాదురా, నీ ఆట. నేల మారింది, కాళ్ళు మార్చుకోవడానికి నీకేం రోగం?"

"కాళ్ళకి చెప్పాను. అవి వినట్లేదు."

ఆమె అవతలి వైపు నుంచి, ముప్ఫై ఏడేళ్ళ మనిషి, బంతిని ఛెళ్ళున కొట్టింది. నేలబారుగా వెళ్ళిన ఆ బంతి దార్దో కదిలేలోపే వెనక ట్రాక్టరు చక్రానికి తగిలింది. వాడు తిరిగి చూసి, "అబ్బ, ఎంత బాగా కొట్టావ్!" అన్నాడు మనస్ఫూర్తిగా. ఆ మెచ్చుకోలు విని గ్రిసెల్డాకి రాకెట్టుతో వాడి బుర్ర పగలగొట్టాలనిపించింది.

నెల తిరిగేసరికి వాడి అడుగులు కొంచెం చిన్నవయ్యాయి. చెయ్యి కొంచెం పొట్టిదైంది. మడమల చుట్టూ పట్టీల మీద పట్టీలు చుట్టి, ఆమె వాణ్ణి దక్షిణానికి వెళ్ళే బస్సెక్కించింది.

నూనెబావుల ఊరు ఆమె అనుకున్నదానికంటే అసహ్యంగా ఉంది. గాలిలో ఇసుక, ఇసుకలో నూనె కంపు. హోటల్లో దుప్పట్లు జిడ్డు, వంటలన్నింట్లోనూ ఒకే వేపుడు నూనె రుచి. కిటికీ మూస్తే ఊపిరాడదు, తీస్తే ఇసుక మంచం మీదికి వస్తుంది. దార్దోకి అవేవీ పట్టలేదు, వేళకి తిన్నాడు, వేళకి పడుకున్నాడు. సిమెంటు మీద ఓడబోయే ముందు కూడా వాడికి ఎప్పుడూ నిద్ర పట్టేది.

కానీ ఆ గాలి వాడికి కలిసొచ్చింది. సిమెంటు మీద గెలిచే పొడుగాటి సర్వీసుగాళ్ళంతా బంతిని పైకి ఎగరేస్తే అది ఎక్కడో తేలేది, వాళ్ళు ఆకాశంలో వెతుక్కునేవారు. దార్దోది ఎత్తు తక్కువ, ఎగరేసేదీ తక్కువ. మొదటి మ్యాచ్ గెలిచాడు. రెండోదీ గెలిచాడు. మూడోదాంట్లో ఎదుటి కుర్రాడు గాలిని తిట్టీ తిట్టీ రాకెట్టు విరగ్గొట్టుకున్నాడు. గ్రిసెల్డా నమ్మలేక, మెట్ల మీద కూర్చుని గోళ్ళు కొరుక్కుంటూ చూసింది. ఫైనల్లో అడుగు పెట్టాలంటే ఇంకొక్కడే అడ్డం, స్వీడన్ నుంచి వచ్చిన పొడుగాటి కుర్రాడు.

సెమీఫైనల్ మధ్యాహ్నం మొదలైంది. మొదటి సెట్టు పోయింది. రెండో సెట్టులో దార్దో ఆమె చెప్పినట్టే గీత దగ్గరికొచ్చి నిలబడ్డాడు. చిన్న అడుగులు వేశాడు. చెయ్యి పొట్టిగా తిప్పాడు. వాడి మొహంలో ఆ నొచ్చుకునే నవ్వు లేదు. పళ్ళు బిగించి, ఎవరి మీదో పంతం పట్టినట్టు ఆడాడు. సెట్టు గెలిచాడు. మూడో సెట్టులో ముందుకొచ్చి, ఇంకా ముందుకొచ్చి, మ్యాచ్ పాయింటు దాకా చేరాడు.

గ్రిసెల్డా గోళ్ళు కొరకడం ఆపేసింది. ఒక్క పాయింటు. వంద వచ్చేసినట్టే. రెమో దగ్గరికెళ్ళి ఏమని చెప్పాలో కూడా అనుకుంది.

దార్దో గట్టిగా కొట్టి స్వీడన్ కుర్రాణ్ణి మూలకి తరిమాడు. వాడు పరిగెత్తి, కాళ్ళు మెలికపడి, పడిపోతూ పడిపోతూ ఎలాగో రాకెట్టు అడ్డం పెట్టాడు. బంతి గాలిలోకి లేచింది, బద్ధకంగా, ఎత్తుగా. స్వీడన్ కుర్రాడు నేల మీద కూర్చుండిపోయి ఉన్నాడు. అవతలి కోర్టంతా ఖాళీ. దాన్ని తిరిగి నెట్టడానికి బలం అక్కర్లేదు, నైపుణ్యం అక్కర్లేదు, క్లబ్బులో మాతే తాగే ముసలివాళ్ళు కూడా నెట్టగలరు. బంతి దిగింది, దార్దో కాళ్ళ దగ్గర, వెనక గీతకి అటో ఇటో.

దార్దో వేలెత్తాడు.

బంతిని వదిలేశాడు. బయట పడిందన్నట్టు చూపుడువేలు పైకెత్తి, రాకెట్టు ఎడమచేతిలోకి మార్చుకుని, నెమ్మదిగా నడుచుకుంటూ గీత దగ్గరికెళ్ళాడు. వంగాడు. నేలవంక చూడసాగాడు.

ఇటుకపొడి మీద పెరిగినవాడెవడైనా చేసే పనే అది. పొడి మీద బంతి పడిన చోట గుర్తు పడుతుంది. బయట పడిందని అనుమానం వస్తే ఆట ఆపి, వేలెత్తి, ఆ గుర్తు చుట్టూ రాకెట్టుతో సున్నా చుట్టి చూపిస్తారు. అంపైరు కుర్చీ దిగి వచ్చి వంగి చూస్తాడు. గుర్తు లోపలుంటే ఆపినవాడికి పాయింటు పోతుంది, బయటుంటే వస్తుంది. గుర్తు చూపించకుండా వాదించేవాణ్ణి సాన్ ఎలియాస్‌లో దొంగ అంటారు. దార్దోకి నడక వచ్చిన కొత్తలోనే గ్రిసెల్డా వాణ్ణి చెయ్యి పట్టుకుని గుర్తు దగ్గరికి నడిపించి, వంగి చూడటం నేర్పింది.

కానీ ఇది సిమెంటు. ఆకుపచ్చ రంగు వేసిన సిమెంటు. దాని మీద బంతి ఏ గుర్తూ పెట్టదు. లైన్ల దగ్గర కూర్చున్న మనిషి అరచేతులు నేలవైపు చాపి, బంతి గీత మీదే పడిందని చూపిస్తున్నాడు. అంపైరు మైకులో పాయింటు స్వీడన్ కుర్రాడికిచ్చాడు. దార్దో ఇంకా వంగే ఉన్నాడు. ఒక అడుగు అటు వేసి, ఒక అడుగు ఇటు వేసి, ఆకుపచ్చ నేల మీద లేని గుర్తు కోసం వెతుకుతున్నాడు. ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత మెట్లన్నీ నవ్వాయి.

"దొరికిందా, ఒరేయ్?" అని అరిచాడు ఒక నూనెబావి పనివాడు. "దొరికితే మాకూ చూపించు!"

గ్రిసెల్డా చూసింది నవ్వేవాళ్ళని కాదు. తమ్ముడి మొహాన్ని. వంగి నేల వెతుకుతున్న ఆ కొద్దిసేపూ వాడి మొహం విప్పారి ఉంది. పంతం లేదు, బిగింపు లేదు. ఆ మ్యాచ్ మొత్తంలో, ఆ వారం మొత్తంలో, వాడు హాయిగా ఉన్నది ఆ ఒక్క క్షణమే. ఇంటికొచ్చినవాడిలా ఉన్నాడు. అది ఆమె చూడలేకపోయింది. లేచి, మెట్ల వెనక్కి వెళ్ళి, కంచె పట్టుకుని డోక్కుంది.

ఆమె తిరిగి వచ్చేసరికి నవ్వు వాడి మొహం మీదికి తిరిగొచ్చింది, ఆ నొచ్చుకునే నవ్వు. తర్వాతి పాయింట్లన్నీ స్వీడన్ కుర్రాడివే. చివర్లో దార్దో వాడి భుజం తట్టి, బాగా ఆడావని మెచ్చుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కారు. కిటికీ బయట ముళ్ళపొదలు తప్ప ఏమీ లేవు. గ్రిసెల్డా రాకెట్ల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దార్దో కాగితంలో చుట్టిన శాండ్‌విచ్ సగం విరిచి ఆమెకిచ్చాడు. ఆమె తీసుకోలేదు. వాడు రెండు సగాలూ తిన్నాడు. నమిలే చప్పుడు కూడా ఆమెకి రోతగా ఉంది.

"తిట్టు గ్రిస్," అన్నాడు చివరికి. "తిట్టకపోతే భయమేస్తోంది."

"నిన్ను తిట్టడానికి కూడా నాకు అసహ్యంగా ఉందిరా. ఒక్క బంతి. ముసలమ్మ కూడా నెట్టేది. ఇన్నేళ్ళూ ఊళ్ళంట తిరిగి, నీ కంపు కాళ్ళకి కట్లు కట్టి, ఎర్రనీళ్ళలో చేతులు నానబెట్టి, ఇదంతా దేనికి? నువ్వు సిమెంటు మీద గుర్తులు వెతుక్కోడానికా? వంద గుమ్మంలో నిలబడి ఉందిరా. గుమ్మంలో! కాలితో తన్నేశావ్."

"పోతే పోయింది."

"పోతే పోయిందా?" ఆమె గొంతు లేచింది. ముందు సీటు ముసలాయన తిరిగి చూశాడు. "నీ జీవితం గురించి మాట్లాడుతున్నాన్రా! నీకు కావలసింది పోయింది!"

దార్దో కాగితాన్ని ఉండ చేసి, ఎక్కడ పారెయ్యాలో తెలియక చేతిలోనే పట్టుకున్నాడు.

"నాకు వంద కావాలని ఎప్పుడైనా అన్నానా గ్రిస్?"

అది ఎదురుమాటలా అనలేదు. నిజంగానే అడిగాడు, ఒకవేళ అన్నాడేమో తనకి గుర్తులేదేమో అన్నట్టు.

ఆమె నోరు తెరిచింది. వెంటనే చెప్పేద్దామనుకుంది, ఫలానా చోట, ఫలానా రోజు అన్నావని. వెతుక్కుంది. వాడన్న మాటలు బోలెడు గుర్తున్నాయి. ఆకలేస్తోందన్నాడు, నిద్రొస్తోందన్నాడు, మళ్ళీ మట్టి టోర్నమెంటు ఎప్పుడన్నాడు, అసున్సియోన్‌లో సూపు బాగుందన్నాడు. వంద అన్న మాట మాత్రం ఎక్కడ వెతికినా తన గొంతులోనే వినబడింది. బ్యూనస్ ఎయిరెస్ కోచ్ దగ్గర, క్లబ్బులో, రెమో దగ్గర, అన్నిచోట్లా తనే. వాడు ప్రతిసారీ పక్కన నిలబడి తల మాత్రం ఊపాడు.

"మరి ఎందుకొచ్చావ్రా?" అంది. "సిమెంటంటే పడదు, ఊళ్ళు తిరగడం పడదు, గెలవాలనీ లేదు. మరి ఇన్నేళ్ళూ నా వెంట ఎందుకు తిరిగావ్?"

"నీ కోసమే కదా." దార్దో ఆశ్చర్యంగా చూశాడు. "నీకు ఆ క్యాంటీనులో ఊపిరాడట్లేదని నాన్న అనేవాడు. దానికి లోకం చూడాలనుంది, ఒక్కత్తీ ఎలా పోతుంది, నువ్వు ఆడుతూ ఉంటే నీ వంకన తిరుగుతుంది అని నాతో అన్నాడు. అందుకని ఆడుతున్నా. నీకు బావుందనుకున్నా." వాడు కాస్త ఆగాడు. "నాకు ఊళ్ళో ఉండి పిల్లలకి నేర్పుకుంటే చాలు. మన మట్టి మీద. నువ్వెప్పుడు చాలంటావా అని చూస్తున్నా."

గ్రిసెల్డా కిటికీ వైపు తిరిగింది. ఇన్నాళ్ళూ వాడి మీద పెంచుకున్న ఏవగింపంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగి ఆమె మీద పడింది. ఎర్రనీళ్ళు, బొబ్బల కంపు, పావురాల రెట్ట, జిడ్డు దుప్పట్లు, అవన్నీ ఎవరూ అడగకుండానే నెత్తిన పెట్టుకుంది. పైగా త్యాగం చేస్తున్నానని విర్రవీగింది. వాడేమో తనని మోస్తున్నాననుకుని, సిమెంటు మీద మోకాళ్ళు పగలగొట్టుకుంటూ, నవ్వుతూ తిరిగాడు. తన మీద తనకి ఒళ్ళంతా జుగుప్స పాకింది. స్నానం చేస్తే పోయే మురికి కాదది.

మధ్యాహ్నం భోజనాలకి బస్సు ఒక పెట్రోలు బంకు దగ్గర ఆగింది. గ్రిసెల్డా దిగి, గోడకి తగిలించిన టెలిఫోను దగ్గరికెళ్ళి బేకరీకి ఫోను చేసింది. రెమోయే ఎత్తాడు.

"నేనే."

"రేడియోలో చెప్పారు," అన్నాడు రెమో. "ఏం చేస్తాం. వచ్చే ఏడు చూద్దాంలే. ఎలాగూ అలవాటైపోయింది."

"వచ్చే ఏడు లేదు రెమో. నేను వచ్చేస్తున్నా. ఇంక మానేస్తున్నాం."

"మరి వంద?"

"వాడికక్కర్లేదట."

"ఇప్పుడక్కర్లేదన్నాడా?"

"కాదు. ఎప్పుడూ అక్కర్లేదట. నేనే అడగలేదు."

అవతల బేకరీలో ఎవరో రొట్టెలు అడుగుతున్నారు, రెమో వాళ్ళని ఆగమన్నాడు. అతను సంతోషిస్తాడనుకుంది ఆమె. ఇన్నాళ్ళకి వస్తున్నానని చెప్పింది కదా, ఏదో ఒకటి అంటాడనుకుంది.

"పన్నెండేళ్ళు," అన్నాడు రెమో. గొంతులో కోపం లేదు, అదే ఆమెని భయపెట్టింది. "నాకు నలభై ఏడు గ్రిసెల్డా. మరి నేను ఆగింది దేనికి?"

ఆమె ఇంకో నాణెం వేసింది. రిసీవరు చెవికి పెట్టుకుని అలాగే నిలబడింది. అవతల అతను బుట్టలోంచి రొట్టెలు తీసి, ఒక్కొక్కటీ కాగితంలో చుడుతున్న చప్పుడు వినబడుతూ ఉంది.